గొట్టానికి చిల్లు, జేబుకి చిల్లు

మొన్న ఆగస్టులో ఒకరోజు అర్ధరాత్రి దాటాక మా ఆవిడ భుజం తట్టి లేపింది, "ఏమండీ, మిషన్ పెట్టుకునే పడుకున్నారు కదా, మళ్ళీ ఈ గురకేంటి" అని. నేను మాస్క్ లోంచే ఏదో గొణిగి అటు తిరిగి పడుకున్నా. పొద్దున్నే లేచేసరికి తల బరువు, నోరెండిపోయి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, ఆఫీసులో పదకొండింటి మీటింగ్‌లో కునుకు తీస్తుంటే పక్కనున్న కుర్రాడు మోచేత్తో పొడిచాడు. రెండేళ్ళ కింద వదిలిపోయాయి అనుకున్నవన్నీ సంక్రాంతికి చుట్టాలొచ్చినట్టు ఒక్కొక్కటే దిగిపోయాయి.

ఈ గొడవ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తా. నాకున్నది స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు దగ్గర కండరాలు వదులైపోయి గాలి పోయే దారి మూసుకుపోద్ది, పది సెకన్లో ఇరవయ్యో ఊపిరి ఆగిపోయి, మెదడు కంగారుపడి ఒక్క కుదుపు కుదిపితే గుర్రుమని మళ్ళీ మొదలవుద్ది, ఇదంతా రాత్రంతా జరుగుతానే ఉంటుంది కానీ మనకి మాత్రం ఏమీ గుర్తుండదు, ఎనిమిది గంటలు పడుకున్నాను కదా ఇంకా ఈ నిద్రేంటి అనుకుంటాం అంతే. స్లీప్ స్టడీలో నాకు గంటకి 41 సార్లు అలా జరుగుతోందని తేలింది. దీన్ని ఏహెచ్‌ఐ అంటారు, గంటకి 5 లోపుంటే మామూలు, 15 దాకా తక్కువ, 30 దాకా మధ్యరకం, 30 దాటితే ముదిరినట్టు. నాది ముదిరిపోయిన బేరమే.

దానికి ఇచ్చిందే ఈ సీప్యాప్ మిషన్. చూడ్డానికి పాత రేడియో అంత ఉంటుంది, లోపల ఒక బ్లోయర్, దానికి ఆరడుగుల గొట్టం, చివర మాస్క్. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఆక్సిజనా?" అని గొంతు తగ్గించి అడుగుతారు, కరోనా తర్వాత మాస్కూ గొట్టమూ చూస్తే అందరికీ అదే గుర్తొస్తది. కాదు బాబూ, మన గదిలో గాలే, కొంచెం ఒత్తిడితో ముక్కులోకి తోస్తది, గొడుగు ఊచలు గుడ్డని పట్టి ఉంచినట్టు ఆ ఒత్తిడి గొంతుని మూసుకోకుండా పట్టి ఉంచుద్ది. మా అమ్మ అయితే మొదటిరోజు చూసి "వాక్యూమ్ క్లీనర్ మొహానికి పెట్టుకున్నావేంట్రా" అంది. నిజానికి అమ్మ పెద్ద తప్పేం అనలేదు, 1980లో ఆస్ట్రేలియా సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టర్ దీన్ని మొదటిసారి తయారుచేసినప్పుడు వాడింది వాక్యూమ్ క్లీనర్ మోటారే, పీల్చేదాన్ని ఊదేటట్టు తిప్పాడు.

సరే అసలు కథ. మిషన్ పెట్టాక రెండేళ్ళు నా ఏహెచ్‌ఐ అంకె 2, 3 దగ్గరే ఉండేది. ఆ పొద్దున స్క్రీన్ చూస్తే 11. దాని పక్కన మాస్క్ సీల్ అని ఉండే చోట రోజూ కనపడే నవ్వు బొమ్మ పోయి ఏడుపు బొమ్మ వచ్చింది. అంటే గాలి ఎక్కడో లీకవుతోంది. మాస్క్‌కి ముందువైపు చిన్న చిన్న రంధ్రాలుంటాయి చూశారా, మనం వదిలిన గాలి బయటకి పోడానికి, ఆ గాలి లెక్కలోదే, అది లీక్ కాదు, దాన్ని మూయకూడదు కూడా (మా తోడల్లుడు చప్పుడొస్తోందని వాటి మీద ప్లాస్టర్ అంటించాడు ఒకసారి, వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకోడం అది, తెలిసి ఇంటిల్లిపాదీ తిట్టారు). ఆ లెక్క కాకుండా అదనంగా పోయేదే లీక్. నా మిషన్ లెక్కలో అది నిమిషానికి 24 లీటర్లు దాటితే ప్రమాదం గీత దాటినట్టు. కొంతవరకూ బ్లోయర్ ఇంకా గట్టిగా తిరిగి సర్దుకుంటది, అది దాటాక పాపం అదేం చేస్తది, గొంతు దగ్గర ఒత్తిడి పడిపోద్ది, గురక మొదలు. నాది 34 చూపిస్తోంది.

అందరూ చేసే పనే నేనూ చేశా, బెల్టులు బిగించా. ఇది మొదటి తప్పు. మాస్క్ కుషన్ అనేది పల్చటి సిలికాన్ రేకు, లోపలి గాలికి ఉబ్బి మొహానికి అదే అతుక్కోవాలి, బిగించి నలిపేస్తే ముడతలు పడి ఇంకా ఎక్కువ పోద్ది. పైగా ముక్కు దూలం మీద పుండు. మూడో రోజుకి మొహం మీద బెల్టుల అచ్చులు పడి ఆఫీసులో "సార్, ఎవరైనా కొట్టారా" అనేదాకా వచ్చింది. సరైన పద్ధతి ఏంటంటే, కూర్చుని కాదు, పడుకునే పెట్టుకోవాలి, మిషన్ ఆన్ చేశాక మాస్క్‌ని ఒక అంగుళం ముందుకి లాగి వదలాలి, కుషన్ గాలి పోసుకుని కూర్చుంటది, తర్వాత బెల్టులు రెండువైపులా సమానంగా కొద్దికొద్దిగా. ఇదంతా నాకు తెలుసు, రెండేళ్ళ కింద నేర్పారు, కానీ నిద్ర లేనివాడికి బుర్ర పనిచేస్తదా.

తర్వాత కుషన్ మీద అనుమానం. మొహం జిడ్డు పట్టి కుషన్ జారిపోతది, అందుకే రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల బేబీ షాంపూ వేసి కడగాలి, నేను వారానికోసారి కడిగేరకం. కడిగా. స్పిరిట్‌తో తుడవకూడదు, సిలికాన్ బిరుసెక్కిపోద్ది. రాత్రి మొహానికి క్రీము మానేశా. ఆ తర్వాత మీసం. ముక్కు మాస్క్ వాళ్ళకి పై పెదవి దగ్గర మీసం గుబురుగా ఉంటే అక్కడ గాలి జారుద్దని చెప్తారు, ముప్ఫై ఏళ్ళ మీసాన్ని సగానికి కత్తిరించుకుని అద్దంలో చూసుకుంటే ఎవరో క్లర్కులా ఉన్నా. లీక్ 34 కి 33 అయింది. ఒక్క లీటరు కోసం మీసం పోయింది.

ఇక మిషన్ అమ్మిన షాపుకి ఫోన్ చేశా. అవతల కుర్రాడు ఒక్క ప్రశ్న అడిగాడు, "నోరు ఎండిపోతోందా సార్?" అవును అన్నా. "అయితే నోటి లీక్ సార్, నోరు తెరుచుకుని గాలి పోతోంది, ఫుల్ ఫేస్ మాస్క్ తీసుకోండి, ముక్కూ నోరూ రెండూ కప్పుద్ది." మాట సబబుగానే ఉంది, నిజంగా నోరు తెరుచుకునేవాళ్ళకి అదే మందు, లేదా గడ్డం కింద కట్టే పట్టీ. 7,800 కట్టి తెచ్చుకున్నా. మాస్క్ రకం మార్చినప్పుడు మిషన్ సెట్టింగ్స్‌లో కూడా మార్చాలి, లేకపోతే లీక్ లెక్క తప్పుద్ది, అది కూడా గుర్తుపెట్టుకుని మార్చా. ఆ రాత్రి ఫైటర్ పైలట్‌లా తయారై పడుకున్నా. పొద్దున 35.

ఇక్కడ మా అమ్మాయి రంగంలోకి దిగింది. బీటెక్ మూడో ఏడు, సెలవులకొచ్చింది. "నాన్నా, మిషన్‌లో ఎస్‌డీ కార్డ్ ఉంది కదా, దాంట్లో ప్రతి సెకనుదీ రికార్డై ఉంటది, మీరేమో పొద్దున ఒక్క అంకె చూసి జాతకం చెప్పేస్తున్నారు" అంది. ఆస్కార్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, సినిమా అవార్డు కాదు, సీప్యాప్ డేటా చూడ్డానికే రాశారు దాన్ని. లాప్‌టాప్‌లో ఎక్కించి, కార్డ్ పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది చూడండి దాన్ని కిందకి జరిపి (లేకపోతే కంప్యూటర్ ఆ కార్డ్ మీద ఏదో రాసి పెట్టుద్దట, తర్వాత మిషన్ గొడవ చేస్తది) పెట్టింది. మళ్ళీ మిషన్‌లో పెట్టేటప్పుడు లాక్ తీయడం మర్చిపోకండి, నేను మర్చిపోయి ఒక రాత్రి రికార్డు పోగొట్టుకున్నా.

గ్రాఫ్ చూస్తే నాకేం అర్థం కాలేదు గానీ ఆ పిల్ల రెండు నిమిషాలు చూసి అన్న మాట మాత్రం మర్చిపోలేను. "నాన్నా, ఇది మీ నోరు కాదు. మీరింకా నిద్రే పోలేదు, మాస్క్ పెట్టుకున్న మొదటి నిమిషం నుంచీ లీకవుతోంది."

నిజమే. నోటి లీక్ అయితే గ్రాఫ్ కొండలూ లోయలూ లాగా ఉండాలి, గాఢనిద్రలో నోరు తెరుచుకున్నప్పుడు ఒక్కసారి లేచి, మూసుకోగానే పడిపోవాలి. కుషన్ పక్కకి జరిగితే మనం ఒత్తిగిలినప్పుడు మొదలై, సర్దుకున్నప్పుడు ఆగాలి. నాదేమో రాత్రి 10:40 నుంచి పొద్దున 5:50 దాకా పొలం గట్టు వేసినట్టు బల్లపరుపుగా ఒకటే గీత, మిషన్ ఒత్తిడి పెంచినప్పుడల్లా కాస్త ఎత్తు పెరగడం తప్ప తేడా లేదు. పాత మాస్క్ రాత్రులూ కొత్త మాస్క్ రాత్రులూ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. రెండు మాస్కులకీ ఒకే చోట ఒకే అంత లీక్ ఉండదు కదా, అంటే దొంగ మొహం దగ్గర లేడు. నోరెండిపోవడం కూడా తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఊపిరాడక నోరు తెరిచి పీల్చుకుంటున్నా, గురక వల్ల నోరెండింది గానీ నోరు వల్ల గురక రాలేదు. షాపు కుర్రాడూ నేనూ ఇద్దరం తిరగేసి చదివాం.

మొహం కాకపోతే మిగిలినవి మూడు, నీళ్ళ డబ్బా చుట్టూ ఉండే రబ్బరు, గొట్టం, గొట్టానికి మాస్క్‌కి మధ్య మోచేతి ముక్క. నీళ్ళ డబ్బా తీసేసి దాని బదులు పెట్టే మూత పెట్టి ఒక రాత్రి పడుకున్నా, అదే 34. మోచేతి ముక్క కొత్త మాస్క్‌తో కొత్తదే వచ్చింది. ఇక గొట్టం. వెలుతురులో పట్టుకుని చూశా, వేలితో తడిమా, చెవి దగ్గర పెట్టుకుని విన్నా, ఎక్కడా ఏం లేదు.

రాజమండ్రిలో మా చిన్నప్పుడు మా వీధి చివర సైకిల్ షాపు ఉండేది, పంక్చరైతే ఆయన ట్యూబ్ తీసి గాలికొట్టి తుప్పు పట్టిన రేకు తొట్టిలో నీళ్ళలో ముంచి జానెడు జానెడు జరుపుకుంటూ చూసేవాడు, బుడగలొచ్చిన చోట వేలు పెట్టి ఇంకో చేత్తో కాపీయింగ్ పెన్సిల్ తడిపి గీత గీసేవాడు. అదే గుర్తొచ్చింది. బాత్రూంలో బకెట్ నిండా నీళ్ళు పట్టి, గొట్టానికి ఒక చివర అరచేత్తో గట్టిగా మూసి, ఇంకో చివర నోట్లో పెట్టుకుని ఊదుతూ, మా అమ్మాయి గొట్టాన్ని కొంచెం కొంచెం ముంచుతా ఉంటే చూస్తున్నాం. ఏమీ రాలేదు. మళ్ళీ మొత్తం ముంచాం. ఏమీ లేదు. నా చెవులు గుయ్యిమంటున్నాయి ఊది ఊది. వదిలేద్దాం అనుకుని గొట్టాన్ని బయటకి లాగుతుంటే బకెట్ అంచు మీద అది వంగింది, వంగిన చోట నీళ్ళలోంచి బుడబుడమని బుడగలు.

మాస్క్ చివర నుంచి రెండు జానల దూరంలో, గొట్టం చుట్లు చుట్లుగా ఉంటుంది కదా, రెండు చుట్ల మధ్య సందులో గోరంత చీలిక. గొట్టం తిన్నగా ఉన్నప్పుడు మూసుకుపోద్ది, వంగినప్పుడు చేపనోరులా తెరుచుకుంటది. మరి అక్కడే ఎందుకు? మంచం దగ్గరికెళ్ళి చూస్తే జవాబు గోడకే ఉంది. గొట్టం మెడకి చుట్టుకుంటోందని పోయినేడు నేనే తలవైపు గోడకి ఒక మేకు కొట్టి దాని మీదుగా వేలాడదీశా. రాత్రంతా అటూ ఇటూ దొర్లినప్పుడల్లా ఆ మేకు మీద రాసుకుని రాసుకుని ఏడాదికి కోసేసింది. అంటే చిల్లు కొట్టింది నేనే, నా చేత్తోనే.

ఆ రాత్రికి నల్ల ఇన్సులేషన్ టేప్ నాలుగు చుట్లు చుట్టి పడుకున్నా. పొద్దున లీక్ 4, ఏహెచ్‌ఐ 1.9, నవ్వు బొమ్మ. కొత్త గొట్టం 1,200. మాస్క్ వెనక్కి తీసుకోమంటే "ఓపెన్ చేసింది రిటర్న్ ఉండదు సార్" అన్నారు, అది బీరువా మీద కూర్చుని నన్ను చూస్తోంది. మేకు పీకేసి ఆ చోట బట్టల క్లిప్‌తో మెత్తటి గుడ్డ వార కట్టి దాంట్లోంచి వేశాం గొట్టం. ఒక మాట, లోపల వేడి తీగ ఉండే గొట్టాలుంటాయి, కరెంటు పిన్నులుంటాయి దానికి, వాటిని బకెట్లో ముంచే పని పెట్టుకోకండి, నాది ఉత్త గొట్టం. ఇంకోటి, సన్న గొట్టానికీ లావు గొట్టానికీ సెట్టింగ్స్‌లో తేడా ఉంటుంది, 15 మిల్లీమీటర్లదా 22దా అని చూసి అదే కొనండి, మారిస్తే మిషన్‌లోనూ మార్పించండి.

ఈ గొడవలో పడి మిగతా చిన్న చిన్న తలనొప్పులన్నీ కూడా ఒక కొలిక్కి తెచ్చా, వాటి సంగతీ రాసేస్తా.

ముక్కులో నీళ్ళు పడటం. ఏసీ 22 లో పెట్టుకుని పడుకునేవాళ్ళకి ఇది తప్పదు, మిషన్ లోంచి వెచ్చటి తడిగాలి వస్తది, చల్లటి గదిలో గొట్టం గోడలకి మంచు పట్టినట్టు నీరు పట్టి, తెల్లవారుజామున హుక్కా లాగా గుడగుడ మని మొదలై ఒక్కసారిగా ముక్కులోకి. ఏసీ 26 చేశా, తేమ సెట్టింగ్ ఒక మెట్టు తగ్గించా, మిషన్‌ని మంచం కన్నా కిందున్న స్టూల్ మీదకి దించా, నీళ్ళు పడితే వెనక్కి జారతాయి మొహం మీదకి రావు. మా ఆవిడ పాత ఫ్లానెల్ దుప్పటి చింపి గొట్టం పొడవునా తొడుగు కుట్టింది. మా ఇంట్లో మిషన్ అంటే ఇప్పుడు రెండు, ఆవిడ కుట్టు మిషన్ నా మిషన్ కాపురం నిలబెట్టింది అంటుంటా.

నీళ్ళు డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు పోస్తే నెలకల్లా డబ్బా అడుగున తెల్లగా గార కట్టుద్ది. కట్టినవాళ్ళు ఒక వంతు వెనిగర్ పది వంతుల నీళ్ళు కలిపి నానబెట్టి కడుక్కోండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్ళ డబ్బా ఇంట్లో ఉంది కదా అని అది పోయకండి, పీల్చే గాలికి పెట్టేది అది కాదు. అన్నట్టు ఊళ్ళెళ్ళేటప్పుడు నీళ్ళ డబ్బా ఖాళీ చేసి బ్యాగులో పెట్టండి, నీళ్ళతో సహా పక్కకి ఒరిగితే అవి నేరుగా బ్లోయర్‌లోకి పోతాయి.

ఫిల్టర్. మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి, రోజూ అగరొత్తులు, రాత్రి దోమల మందు. మిషన్ ఎక్కడ పెడితే అక్కడి గాలే మన ముక్కులోకి వస్తదన్న సంగతి నాకు మొదట్లో తట్టలేదు, దోమల మందు ప్లగ్ సరిగ్గా మిషన్ వెనకే ఉండేది, రాత్రంతా అదే పీల్చేవాణ్ణి. ఇప్పుడు గదికి ఆ చివర పెట్టి దోమతెర కట్టేశాం. తెల్లటి ఫిల్టర్ నెల తిరక్కుండానే బూడిదరంగుకొస్తోంది, నెలకొకటి పడేసి కొత్తది పెడుతున్నా, దాన్ని కడిగి వాడకండి.

కరెంట్. ఇది మాత్రం మనవాళ్ళందరికీ ఉన్న బాధ. రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కనురెప్పపాటులో మిషన్ ఆగిపోయి మళ్ళీ మనమే బటన్ నొక్కాల్సి వచ్చేది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ చూపించాడు, నాలుగేళ్ళుగా అక్కడే ఉంది ఎవరూ చూళ్ళేదు, దానిలో పెట్టాక మిషన్‌కి కరెంట్ పోయిన సంగతే తెలియట్లేదు. ఇన్వర్టర్ కొనేవాళ్ళు ప్యూర్ సైన్ వేవ్‌దే కొనండి, పాత స్క్వేర్ వేవ్ దాని మీద అడాప్టర్ జుమ్మని మోగుతూ వేడెక్కేది. గంటల తరబడి కోత ఉంటే తేమ వేడి ఆపేయండి, బ్లోయర్ తినేది కొంచెమే, నీళ్ళు వేడి చేసేదే ఎక్కువ తింటది. కరెంటు పోతే ఊపిరాడక చచ్చిపోతామా అని చాలామంది అడుగుతారు, లేదు, ముక్కు మాస్క్ అయితే నోరు ఖాళీయే కదా, ఫుల్ ఫేస్ దానికి గాలి ఆగగానే తెరుచుకునే చిన్న తలుపు ఉంటుంది.

పొద్దున్నే పొట్ట డోలులా ఉబ్బి తేన్పులు రావడం నాకు మొదటి ఆర్నెల్లు ఉండేది, గాలి గొంతులోకి పోయేది పోను కొంత పొట్టలోకి పోతోంది. దానికి ఒత్తిడి తగ్గించాలి, కానీ నేను తగ్గించుకోలేదు, ఆస్కార్ కాగితాలు పట్టుకెళ్తే డాక్టరుగారే పై హద్దు 16 నుంచి 13కి దించారు. మెనూలోకి ఎలా వెళ్ళాలో ఇంటర్నెట్‌లో దొరుకుద్ది, నాకూ తెలుసు, కానీ గొంతు మూసుకుపోయి ఆగే ఊపిరి వేరు, గొంతు తెరిచే ఉన్నా మెదడే పీల్చమని చెప్పక ఆగేది వేరు, రెండోదానికి ఒత్తిడి పెంచుకుంటూ పోతే ఇంకా చెడుద్ది, ఆ తేడా తేల్చే చదువు నాకు లేదు. అలాగే కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతాలుంటాయి, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే, మంచం మీద పక్కన పడుకునేవాళ్ళకి ఉన్నా సరే, అవి వద్దని ముందే చెప్పి వేరేవి తీసుకోండి.

ఇంకా తేలనిది ఒకటి మిగిలింది. ఎడమవైపు ఒత్తిగిలితే సన్నగా ఈల వస్తోంది, కుడివైపు రాదు. లీక్ అంకె బాగానే ఉంది, గ్రాఫ్ బాగానే ఉంది, నేనైతే వినిపించుకోను కూడా, కానీ మా ఆవిడకి కుక్కర్ ఎక్కడో మర్చిపోయి వచ్చినట్టు అనిపిస్తోందట, రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చింది. దిండు అంచుకి మాస్క్ ఒరుసుకుంటోందేమో అని దిండు మూల మడిచి పెట్టి చూస్తున్నా, అది కాకపోతే మోచేతి ముక్క విప్పి చూడాలి. ఈసారి మాత్రం ఒక్కటే మారుస్తున్నా రోజుకి, క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకుంటున్నా, నిన్నటి గడిలో "దిండు - ఈల తగ్గింది, పోలేదు" అని ఉంది.